తల మీది చెయ్యి

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. అందరూ ఈ మాటే అంటారని తెలుసు. నా సంగతి కాస్త వేరు. యాభై దాటి చాలాకాలం అయ్యేవరకు నాకు అక్షరం ముక్క రాదు. కాబట్టి దయ్యాల పుస్తకాలు చదివి పాడైన బుర్ర కాదు నాది. కథలు చెప్పే అవ్వ మా ఇంట్లో లేదు. సినిమాకు పోతే నిద్రపోతాను. కింద రాసేది ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చాడని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. ఎత్తుకొచ్చేంత చదువు నాకు లేదు.

నా పేరు తిమ్మప్ప. మాది రాయచూరు, తాతల కాలం నుంచి ఇక్కడే. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడ, పనిలో ఉర్దూ మాట్లాడుతూ మూడింటిలో దేన్నీ రాయడం రాకుండానే బతికేశాను. కృష్ణ ఒడ్డున కరెంటు కార్ఖానా లేచినప్పుడు మట్టి పనికి పోయి, తర్వాత బొగ్గు బెల్టు దగ్గర కుదురుకున్నాను. రిటైరయ్యేదాకా అదే పని.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. లేకుంటే తర్వాత జరిగింది అర్థం కాదు.

బొగ్గు బెల్టు అంటే నడిచే రబ్బరు రోడ్డు అనుకోండి. వ్యాగన్లు దించిన బొగ్గు దాని మీదెక్కి బాయిలర్ దిక్కు పోతుంది. బొగ్గు తడిస్తే బంకలాగా అతుక్కుని ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది. అప్పుడు బెల్టు ఆపి, ఒక మనిషి లోపలికి దూరి గడ్డపారతో పొడిచి తీయాలి. ఆ దూరే మనిషిని నేను. బెల్టు నడిపే మీట దగ్గర కూర్చునే మనిషి సూర్యం.

మా బెల్టు ఆగినా పక్క బెల్టులు నడుస్తూనే ఉంటాయి. ఆ మోతలో చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని మాకు చేతి సైగలు ఉండేవి. అన్నిటికంటే పెద్దది తల మీద చెయ్యి. లోపలికి పోయేవాడు మీట దగ్గరివాడికి ఎదురుగా నిలబడి తన తల మీద చెయ్యి పెట్టుకుంటాడు. ఒక తల లోపలికి పోతోంది అని దానర్థం. మీటవాడు కూడా తన చెయ్యి తన తల మీద పెట్టుకుంటాడు. ఆ తల నా పూచీ అని. లోపలివాడు బయటికొచ్చి, మళ్లీ ఎదురుగా నిలబడి, తల మీద చెయ్యి పెట్టి దించాలి. అప్పుడుగానీ మీటవాడు దించడు. అప్పటిదాకా మీట ముట్టడు.

తాళాలూ చీటీలూ ఆఫీసు పద్ధతి వేరే ఉండేది. అదీ జరిగేది. కానీ మా ఇద్దరి నమ్మకం ఈ చెయ్యి మీదే. పెట్టినవాడే దించాలి. వాడి తరఫున ఇంకొకడు దించితే చెల్లదు.

ఒకసారి నేను లోపల పని ముగించి అవతలి పక్క నుంచి దిగి చాయ్‌కి పోయాను. కొత్తగా వచ్చిన ఇంజనీరు, లోపల ఎవరూ లేరు కదా, బెల్టు నడుపు అని సూర్యం మీద ఎగిరాడు. సూర్యం తల మీద చెయ్యి తీయలేదు. "సార్, ఆ తల మీదీ కాదు, నాదీ కాదు. దాని సొంతదారు రావాలి" అన్నాడట. నన్ను క్యాంటీన్ నుంచి పట్టుకొచ్చి నిలబెట్టి, నేను చెయ్యి దించాకే మీట నొక్కాడు. తర్వాత నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

అట్లా నా ప్రాణం ఆ మనిషి వేలి కింద ఎన్నేళ్లు ఉందో. అతను నాకు దోస్తు అని చెప్తే అది చిన్న మాట.

సూర్యం వాళ్లది మస్కి దిక్కు కాలువ కింద వలస రైతుల క్యాంపు. వాళ్ల నాయన కోస్తా నుంచి వచ్చి వరి పండించాడు. రిటైరయ్యాక మేమిద్దరం కార్ఖానాకు దగ్గర్లో చిక్కసూగూరులోనే ఇళ్లు వేసుకున్నాం. నాకు అక్షరాలు నేర్పింది సూర్యమే. పలక కొనలేదు. కట్టెపుల్లతో నేల మీద రాసేవాడు. గ అంటే గద్ద, ప అంటే పాలపిట్ట. ఎందుకంటే అతనికి పిట్టల పిచ్చి. బదిలీ మీద పోతూ ఒక పెద్ద ఇంజనీరు తన దుర్బీన్ ఇచ్చి పోయాడు. అప్పటి నుంచి అది మెడలో లేకుండా సూర్యం బయటికి రాడు.

"నీది ఏం తెలుగురా తిమ్మప్పా, గిట్ల, గట్ల... రాసేటప్పుడు ఇలా, అలా అని రాయి" అనేవాడు.

"నీది కాలువ నీళ్ల తెలుగు. బందు చేస్తే ఆగిపోతది. మాది బాయి నీళ్లు" అనేవాణ్ణి.

నాకు పిట్టల మీద అంత మోజు లేదు. తోడుకు పోయేవాణ్ణి. వచ్చేటప్పుడు దారిలో మండక్కి ఒగ్గరణె అనే బొరుగుల తాలింపు, వేడి మిర్చి బజ్జీ తినొచ్చని కూడా.

ఆ చలికాలం మద్రాసు దిక్కు ఏదో తుఫాను అన్నారు. మాకు వాన రాలేదు. ముసురు పట్టింది. పొద్దున లేస్తే మంచు, ఆ మంచులో సన్న తుంపర. ఆ రోజుల్లోనే పాత బూడిద చెరువు మీద పట్టెతల బాతులు దిగాయని సూర్యానికి ఎవరో చెప్పారు. తెల్లటి తల వెనక రెండు నల్ల పట్టీలు ఉంటాయి. ఏటా మంచుకొండల అవతల నుంచి ఎగిరొస్తాయి.

బూడిద చెరువు అంటే, కాలిన బొగ్గు బూడిదను నీళ్లలో కలిపి గొట్టాల గుండా తెచ్చి వదిలే చోటు. చుట్టూ కట్ట. ఇది పాతది, వదిలేసింది. నడుమ నీళ్లు, అంచుల్లో జమ్ము, మిగతాదంతా ఎండి పెచ్చు కట్టిన బూడిద. చూస్తే గట్టి నేల. కింద మెత్తటి బురద.

పొద్దున్నే సూర్యం స్కూటర్ మీద వచ్చి మా గేటు దగ్గర నిలబడ్డాడు. మా ఇంటామె ఈరమ్మ, గబ్బూరు మనిషి, మాట దాచుకోదు.

"ముసురు వట్టె, నీ ముక్కు కారవట్టె. గీ దినాన బాతులను చూడకుంటే పానం పోతదా? మనింట్ల కోడి ఉన్నది, దాన్ని చూడు" అంది నాతో.

"కోడి ఎక్కడికీ పోదు చెల్లెమ్మా. ఇలాంటి రోజే అవి ఎగరకుండా కిందే కూర్చుంటాయి. ఎండొస్తే ఎవరికి దొరుకుతాయి?" అన్నాడు సూర్యం.

"అవి అంత దూరం నుంచి వచ్చింది మీ ఇద్దరి మొగాలు చూసెతందుకా అన్నా?"

నవ్వుకుంటూ పోయాం. ఆ నవ్వు బాగా గుర్తుంది.

కట్ట దగ్గర వాచ్‌మన్ ఖాదర్ మాకు తెలిసినవాడు. కట్ట దిగొద్దని చెప్పి లోపలికి వదిలాడు. స్కూటర్ అక్కడే పెట్టి కట్ట మీద నడిచాం. మంచు ఎట్లా ఉందంటే, బూడిద ఎక్కడ ముగిసిందో మంచు ఎక్కడ మొదలైందో తెలియలేదు. రెండూ ఒకే రంగు. బాతులు కనపడలేదు గానీ వినపడుతున్నాయి. ముక్కుతో మాట్లాడే ముసలమ్మల గుంపులాగా.

ఒకచోట నేను లఘుశంకకు ఆగాను. సూర్యానికి బెల్టు మోతకు ఒక చెవి పోయింది. నేను "నువ్వు నడువు, వస్త" అన్నది వినపడిందో లేదో. అతను దుర్బీన్ అద్దాలు తుడుచుకుంటూ తల వంచుకుని ముందుకు పోయాడు.

నేను కట్ట వాలు ఎక్కి తిరిగి వచ్చేసరికి సూర్యం కొంచెం ముందర కట్ట అంచున నిలబడి ఉన్నాడు. చెరువు దిక్కు మొహం. కుడి చెయ్యి తల మీద.

రిటైరయ్యాక ఆ సైగ నేను చూడలేదు. పరాచికం అనుకుని వెనక నుంచి పోయి భుజం తట్టాను.

"ఎవరికి పెట్టినవ్ చెయ్యి?"

సూర్యం తిరిగి నన్ను చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్ను చూసి, మళ్లీ చెరువు దిక్కు చూసి, "నువ్వు ఇక్కడుంటే, అక్కడెవర్రా?" అన్నాడు.

నేను అటు చూశాను. చూసింది చూసినట్టు రాస్తాను, ఎక్కువ తక్కువ లేదు. బూడిద మీద, జమ్ముకు ఇవతల, ఒక మనిషి ఎత్తు ఆకారం. మొహం లేదు, బట్ట లేదు, అంతా ఒకే మసక. కానీ మోచేయి పక్కకు పొడుచుకొచ్చి ఉంది. తల మీద చెయ్యి పెట్టుకున్న మనిషికి మోచేయి ఎట్లా వస్తుందో అట్లా. చెట్టు మోడు అనుకోవడానికి ఆ బూడిదలో చెట్టు లేదు.

సూర్యం చెప్పింది ఇది. అద్దాలు తుడిచి తలెత్తేసరికి ఆ మనిషి కనపడ్డాడు. నేనే కట్ట దిగి ముందుకు పోయాననుకున్నాడు. ఆ మనిషి తల మీద చెయ్యి పెట్టాడు. సూర్యం చెయ్యి దానంతట అది లేచింది. అన్నేళ్ల అలవాటు. ఆలోచించేది ఏముంది అందులో?

"నువ్వనుకుని ఒప్పుకున్నాన్రా" అన్నాడు.

నేను కన్నడలో, ఉర్దూలో, తెలుగులో కేకలు పెట్టాను. అప్పుడే బాతుల గోల ఒక్కసారిగా ఆగిపోయింది. కాసేపటికి అన్నీ కలిసి లేచి మా తలల మీదుగా, రెక్కల గాలి మొహానికి తగిలేంత కింద నుంచి పోయాయి. ఆ పిట్టల కోసం వచ్చిన సూర్యం తలెత్తి చూడలేదు. నేను చూశాను. చూసి కిందికి చూసేసరికి బూడిద మీద ఎవరూ లేరు.

ఖాదర్‌ను పిలుచుకొచ్చాం. మంచు విడిపోయాక ఇంకో ఇద్దరిని తెచ్చి పొడుగు వెదురు బొంగులతో కట్ట మీద నుంచి పొడిచి చూశారు. బొంగు దానంతట అది దిగిపోయింది. పైన పెచ్చు ఎక్కడా పగల్లేదు. "చాచా, ఆడ కుక్క గూడ నిలబడదు. మనిషి యాడికెల్లి వస్తడు?" అన్నాడు ఖాదర్. చుట్టుపక్కల ఊళ్లలో అడిగాం. కార్ఖానాలో అడిగాం. ఎవరూ తప్పిపోలేదు. ఆ చెరువులో ఎప్పుడో ఎవరో పడ్డారన్న మాట కూడా ఎవరూ వినలేదు.

నాకు అక్కడితో అయిపోయింది. మంచు మాయ అనుకున్నాను. సూర్యానికి అయిపోలేదు.

"వాడు దించలేదురా" అన్నాడు స్కూటర్ దగ్గర. ఒక చెయ్యి ఇంకా తల మీదే ఉంది. స్కూటర్ నేనే నడిపాను.

రెండు రోజులకు సూర్యం కోడలు సుజాత ఫోన్ చేసింది. "బాబాయ్ గారూ, మామయ్యగారు పొద్దున్నే ఆ చెరువు దగ్గరికి పోతున్నారండీ. తింటున్నప్పుడు కూడా ఒక చెయ్యి తల మీదే ఉంటోంది. తలనొప్పా అంటే కాదంటారు. రాత్రంతా దగ్గు. మీరైనా చెప్పండి."

నేను చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు రాదు.

"నీకు పిచ్చి లేసిందా ఏంది? గది నీడ. నీడకు పూచీ ఏంది?"

"నీడైతే సైగెలా తెలుసురా దానికి?"

ఆ సైగ మా బెల్టు మీద పని చేసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మా బెల్టు మీద పని చేసి పోయినవాళ్లు అందరూ మంచం మీదనే, వాళ్ల వాళ్ల ఇళ్లల్లో పోయారు. మిగిలినవాళ్లు బతికే ఉన్నారు.

డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, ఇంకొన్నాళ్లు ఆ చలిలో నిలబడితే మనిషి దక్కడు అన్నాడు. సూర్యం అంతా విని తలూపి, మర్నాడు పొద్దున మళ్లీ కట్ట మీద నిలబడ్డాడు. తలుపు గడియ పెడితే పెరటి గోడ దిగి పోయాడట, ఆ వయసులో. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాను, నమ్మకం లేకపోయినా. తాయెత్తు కట్టుకుని మరీ పోయి నిలబడ్డాడు.

"నువ్వు లోపలున్నప్పుడు నేనెప్పుడైనా మీట వదిలేసి ఇంటికెళ్లానా?" అని అడిగాడు నన్ను.

అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది. వాడు దించితేగానీ సూర్యం దించడు. సరే, దించుదాం. మంచులో వాడు నాలాగా కనపడ్డాడు కదా, నేను వాడిలాగా కనపడలేనా?

ఆ చెరువులోకి ఒక పాత బూడిద గొట్టం కొంత దూరం పోయి ఆగిపోతుంది, సిమెంటు దిమ్మెల మీద. బెల్టుల కింద దూరినవాణ్ణి, గొట్టం మీద నడవడం నాకు లెక్క కాదు. మంచు బాగా పట్టిన ఒక పొద్దున ఖాదర్‌కు చెప్పి, సూర్యం రాకముందే ఆ గొట్టం చివరికి పోయి నిలబడ్డాను. తలకు తెల్ల తువ్వాలు కట్టుకున్నాను. నా వెనక గొట్టం లేదు. దిమ్మె లేదు. కుక్క నిలబడని బూడిద తప్ప ఏమీ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

బాతులు మళ్లీ వచ్చి ఉన్నాయి, ఆసారి దగ్గరగానే, నీళ్ల అంచున. నన్ను పట్టించుకోలేదు. కొన్ని ఒంటికాలి మీద నిద్రపోతున్నాయి.

కట్ట మీద సూర్యం వచ్చి నిలబడ్డట్టు దగ్గు వినపడింది. మంచులో మసగ్గా కనపడ్డాడు. నేను చెయ్యి తల మీద పెట్టుకున్నాను. భయం లేదు అప్పటికి. దొంగ వేషం వేస్తున్నవాడికి ఉండే బెరుకు, అంతే.

అప్పుడు బాతులు మెడలు ఎత్తాయి. నిద్రపోయేవి కూడా లేచాయి. అన్నీ ఒకే దిక్కు చూశాయి. మొదట నన్నే చూస్తున్నాయి అనుకున్నాను. కాదు. వాటి చూపు నా పక్క నుంచి పోయి, కొంచెం వెనక ఆగింది.

వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకు చూడలేదని ఈరమ్మ అడుగుతుంది. ఆమె అక్కడ నిలబడి ఉంటే అడిగేది కాదు. తువ్వాలు మీద చల్లగా తడి దిగింది. మంచు నీళ్లు అనుకున్నాను. ఇప్పుడైనా మంచు నీళ్లే అనుకోవాలని ఉంది.

చెయ్యి దించాను. గట్టిగా, బెల్టు దగ్గర దించినట్టే, పక్కకు చాపి.

సూర్యం వెంటనే దించలేదు. చాలాసేపు అట్లాగే నిలబడి చూశాడు. తర్వాత మెల్లగా చెయ్యి దించాడు. తిరిగి పోయాడు. స్కూటర్ చప్పుడు దూరమయ్యాక నేను గొట్టం మీద నుంచి వచ్చాను. నడిచి రాలేదు. కూర్చుని, రెండు పక్కలా కాళ్లు వేసి, పాకుతూ వచ్చాను.

ఇంటికి పోయి, బట్టలు విడిచి, వేడి నీళ్లు పోసుకున్నాను. ఉపాయం పారిందన్న సంతోషం మెల్లగా వచ్చింది. మధ్యాహ్నం సూర్యం ఇంటికి పోయాను. కుడి చేత్తో అన్నం కలుపుకుని తింటున్నాడు. సుజాత నన్ను చూసి కళ్లు తుడుచుకుంది. నాకు మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది.

"దించిండా?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

సూర్యం ముద్ద నమిలి మింగాడు. "వేషాలెయ్యకురా తిమ్మప్పా. గొట్టం మీదున్నది నువ్వే. నీ వంకర భుజం నాకు తెలీదా?"

నేను నవ్వబోయాను.

"నేను అంతసేపు చూసింది నిన్ను కాదు. నీ వెనకాల వాడూ ఉన్నాడు. అదే మోచెయ్యి. నీకూ వాడికీ జానెడు సందు లేదు. అరుద్దామంటే ఉలిక్కిపడి కింద పడతావని అరవలా."

"సూర్యం, నా ఎనక నిలబడెతందుకు జాగ లేదు."

"తెలుసు. నువ్వు చెయ్యి దించావు. వాడూ దించాడు. తన తల మీద నుంచి తీసి, నీ తల మీద పెట్టాడు."

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"వాడు బయటికొచ్చాడురా. నిన్ను లోపల పెట్టి వచ్చాడు" అన్నాడు. అని, ఎంగిలి చేత్తోనే కొంచెం అన్నం నావైపు తోసి, "తింటావా?" అని అడిగాడు.

నా మోసం పట్టేసి, దానికి బదులుగా నన్ను ఆడించాడని అనుకోవచ్చు. సూర్యం అట్లాంటివాడే. నేనూ దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాను. గేటు తీస్తుండగానే, నేను నోరు తెరవకముందే, ఈరమ్మ అంది.

"యాడికి పోయినవ్ పొద్దుగాల? ఏ సామి దగ్గరికి? తువ్వాల నడినెత్తి మీద గింత పెద్ద చెయ్యి అచ్చు పడ్డది, బూడిదతోని. గంత మంచిగ ఎవరు ఆశీర్వాదం ఇచ్చిన్రు నీకు?"

"ఏది తువ్వాల?"

"ఉతికిన. ఆరేసిన. చూడు."

తీగ మీద తెల్లగా ఆరుతోంది. నా చెయ్యే కావచ్చు. నేనే కదా చెయ్యి పెట్టుకుంది, గొట్టానికి బూడిద ఉండదా? ఆ మాటే అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, వదిలేసింది. "వేళ్లు ఎనకకెల్లి ముందరికి ఉండె" అంది. అంటే వెనక నిలబడ్డవాడు పెట్టినట్టు. తన తల మీద తాను పెట్టుకున్నా, కొంచెం పక్కకు పెడితే అట్లా పడుతుందేమో. నేను అద్దం ముందు చాలాసార్లు పెట్టి చూశాను. ఒకసారి పడుతుందనిపిస్తుంది, ఒకసారి పడదనిపిస్తుంది.

సూర్యం మళ్లీ చెరువు దగ్గరికి పోలేదు. కోలుకున్నాడు. నేను చేసిన పనికి ఆ ఫలితం దక్కింది, నాకు బాధ లేదు. ఒకటే తేడా. ఆ తర్వాత నేను ఎప్పుడు వాళ్లింటికి పోయినా, లేచి వచ్చేటప్పుడు, సూర్యం తన తల మీద చెయ్యి పెట్టేవాడు. మొదట్లో "బందు చెయ్ నీ నాటకం" అని కసిరేవాణ్ణి. తర్వాత కసరడం మానేశాను. నిజం చెప్పాలంటే, అతను ఒక రోజు మరిచిపోతే గేటు దాకా పోయి వెనక్కి వచ్చాను.

ఆ తర్వాతి చలికాలం నెమ్ము తిరగబెట్టింది. రాయచూరులో ఆసుపత్రిలో ఉంచారు. నేను పోయేసరికి సూర్యం ముక్కుకు గాలి గొట్టం పెట్టి ఉంది. నన్ను చూసి చెయ్యి ఎత్తి తల మీద పెట్టుకున్నాడు. సుజాత పాపం నొప్పి అనుకుని కణతలు నొక్కసాగింది.

నాకు అర్థమైంది. నేను లోపల ఉన్నంతకాలం ఈ మనిషి మీట దగ్గర నుంచి లేవడు. పోయే ప్రాణం పోలేక నా కోసం ఆగింది. మంచం ముందుకు పోయి, ఎదురుగా నిలబడి, నా తల మీద చెయ్యి పెట్టాను. అతను చూసేట్టు గట్టిగా కిందికి దించాను. నేను బయటికొచ్చిన. సూర్యం, నువ్వు లే, అని.

సూర్యం తల అడ్డంగా ఊపాడు. గొట్టం పక్కకు జరిపి, "నీది కాదురా ఆ చెయ్యి" అన్నాడు. "పెట్టినోడు రావాలి."

ఆ సాయంత్రమే పోయాడు. చెయ్యి తల మీదే ఉండిపోయింది. పాడె మీద పడుకోబెట్టడానికి వాళ్లవాళ్లు దాన్ని దించి ఒంటి పక్కన సర్దారు. నేను చూస్తూ నిలబడ్డాను. ఇంకొకరు దించితే చెల్లదని వాళ్లకు ఎట్లా చెప్పాలి?

ఇదంతా ఏమిటని నన్ను అడగొద్దు. మంచు కావచ్చు. ఇద్దరు ముసలివాళ్ల పాత అలవాటు కావచ్చు. నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. బాతులు ఏటా వస్తున్నాయని ఖాదర్ చెప్తాడు. నేను పోను.

కానీ కార్ఖానా దిక్కు నుంచి బెల్టు మొదలయ్యే ముందు మోగే గంట మా ఇంటిదాకా వినపడుతుంది. అది మోగినప్పుడల్లా నేను చేతిలో ఏముంటే అది కింద పెట్టి, కదలకుండా నిలబడతాను. నన్ను లోపల పెట్టినవాడు ఎవడో నాకు తెలియదు. నా పూచీ పడ్డవాడు పోయాడు. మీట దగ్గర ఇప్పుడు ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు.